చాయ్ తాగనివాళ్ల హాజరు

నమోదు 1
నామినేషన్ల రోజు

ఎన్నికల అధికారి జరిగింది జరిగినట్టు రాయాలని మా కార్మిక సంఘం నిబంధన. ఎక్కువ రాయాలని ఎక్కడా లేదు. నాకు అది నచ్చింది.

పొద్దున లేచి మోకరించాను. కిటికీలో భూమి సగం కనిపించింది. చంద్రుడి మీద మనిషి బరువు తక్కువ, మోకాళ్లు నొయ్యవు. అందుకే ఇక్కడికి వచ్చాక నా ప్రార్థన పొడుగైందని మా చెల్లెలు యునీకే ఎగతాళి చేస్తుంది. "కింద ఉన్నప్పుడు దేవునితోని గింత ముచ్చట లేకుండె గదా అక్కా" అంటుంది. నిజమే. ఆయన కూడా ఆశ్చర్యపోయి ఉంటాడు.

ఈ రాత నకలు ఒకటి భూమ్మీది సంఘాలకు పోతుందట. వాళ్ల కోసం రెండు ముక్కలు. మా తాతలు గోదావరి పక్కన బొగ్గు తవ్వారు, ఆ గనిని బాయి అన్నారు. మేము ఎండ ఎన్నడూ సోకని గుంటలో మంచు తవ్వుతాం, దీన్నీ బాయే అంటాం. ఊరు గుంట అంచున ఉంది కాబట్టి అంచూరు. నా పేరు సలోమి. బాయిలోకి దిగేవాళ్ల సూట్లకు, చేతితొడుగులకు అతుకులు వేస్తాను. చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అంటారు.

సంఘం అధ్యక్షుడు గట్టయ్య మళ్లీ పోటీ చేస్తున్నాడు. ఆయన మనుషులు ఆయనను భుజాల మీద ఎత్తుకొని సూట్ల గదికి తెచ్చారు. ఇక్కడ మనిషిని ఎత్తడం కష్టం కాదు, దించడమే కష్టం. ఉత్సాహం ఎక్కువై పైకి విసిరారు. గట్టయ్యకు పైకప్పు తగిలింది. తల రుద్దుకుంటూ, నిమ్మళంగా దిగివచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇంకెవ్వరు ఏస్తలేరు గదా చెల్లె. ఏకగ్రీవం అని రాస్కో ఇగ."

"గడువు సాయంత్రం దాకున్నదే అన్నా."

"గడువుదేమున్నది, ఉంటది" అని కండువా సర్దుకున్నాడు.

అప్పుడే యునీకే వచ్చింది. మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, హెల్మెట్ చంకలోనే ఉంది. ప్రతినెలా సంఘం మీటింగులో అందరికీ చాయ్ చేసి పోసేది ఆమే. గట్టయ్య సంతోషపడ్డాడు.

"ఏంది పిల్లా, చాయ్ తెచ్చినవా?"

"లేదు మామా. నామినేషన్ తెచ్చిన."

గదిలో అందరూ నవ్వారు. యునీకే నవ్వలేదు. కాగితం నా ముందు పెట్టి వెళ్లింది.

ఎందుకు పెట్టిందో ఊరందరికీ తెలుసు. బాయి నుంచి పైకి వచ్చినవాళ్లు తొడుగులు తీసి, వెచ్చగదిలో గంటసేపు కూర్చోవాలి. ఆ గంట కూడా పనిగంటే. యాజమాన్యం దాన్ని సగం చేస్తానంటోంది. బదులుగా వారానికోసారి వేడినీళ్లతో తలస్నానం ఇస్తుందట. మేము తవ్వే నీళ్లన్నీ రాకెట్లకు పోతాయి, మా ఒంటికి తడిగుడ్డే దిక్కు. తలస్నానం అనగానే సగం ఊరు మెత్తబడింది. గట్టయ్య సరేనన్నాడు. ఎన్నిక కాగానే కొత్త అధ్యక్షుడు సంతకం పెట్టాలి. గట్టయ్య అయితే పెడతాడు, యునీకే అయితే పెట్టదు.

సాయంత్రం ఇంట్లో యునీకే పప్పు గిన్నె దించింది, ఉత్త చేతులతో.

"మసిగుడ్డేది?" అన్నాను.

"అలవాటే అక్కా."

నేను ఆమె ముఖం చూశాను. ఆమె గిన్నె వైపు చూసింది.

నమోదు 2
పరిశీలన రోజు

ఎన్నికల సంఘంలో ఇద్దరం. నేను, బాయి లిఫ్టు నడిపే ఓదేలు. ఓదేలు నోరు లిఫ్టు కంటే వేగం.

పోటీ చేయడానికి మూడు అర్హతలు. రెండేళ్లుగా చందా కట్టే సభ్యుడై ఉండాలి. బాయి పనిలో ఉండాలి. గడిచిన రెండేళ్ల మీటింగుల్లో సగానికి హాజరై ఉండాలి.

మొదటిది ఇద్దరికీ ఉంది. రెండోది చూసేటప్పుడు ఓదేలు దగ్గాడు. గట్టయ్య బాయిలోకి దిగి ఎన్నేళ్లయిందో ఆయన సూటుకే తెలుసు. కానీ పదవిలో ఉన్నవాళ్లు పనిలో ఉన్నట్టేనని నిబంధన. ఓదేలు దగ్గు మానేశాడు.

మూడోది గట్టయ్య తెచ్చిన నియమమే. ఆ రోజుల్లో జనం వచ్చి, సంతకం పెట్టి, వెనక తలుపు నుంచి పోయేవారట. ఆయన మీటింగు చివర్లో చాయ్ పెట్టించాడు. అంచూరులో మనిషికి ఒకటే గ్లాసు. తాగే నీళ్లు అందులోనే కొలిచి ఇస్తారు. తన మనిషి పెదవి తగిలితే గ్లాసుకు తెలుస్తుంది. మీటింగు హాలులో ఒక గుక్క తాగగానే గోడ మీద ఆ మనిషి పేరు వెలుగుతుంది. పేరు వెలిగితేనే హాజరు. చివరిదాకా కూర్చోనివాళ్లకు చాయ్ లేదు, చాయ్ తాగనివాళ్లకు హాజరు లేదు. మంచి నియమమే. ఆ తర్వాత ఎవరూ పారిపోలేదు.

ఓదేలు గోడను అడిగాడు. గట్టయ్యకు అన్ని మీటింగులూ ఉన్నాయి. యునీకే పేరు ఒక్కసారి కూడా వెలగలేదు.

ఓదేలు గోడను అరచేత్తో ఒకటి చరిచాడు.

"గోడను కొట్టకు" అన్నాను.

"అబద్ధమాడుతాంది పెద్దక్కా! యునీకక్క లేని మీటింగేడున్నది? పోయిన నెల నాకు రెండుసార్లు పోసింది."

ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పోసేదానికి రెండు చేతులూ గిన్నెకే చాలవు. అందరూ తాగి లేచాక, గోడ ఆరిపోయాక, గిన్నె అడుగున మిగిలింది మూతలో పోసుకొని నిలబడే తాగుతుంది. ఆమె గ్లాసు ఇంట్లో గూట్లో ఉంటుంది. రోజూ తుడిచేది నేనే.

"గోడ ఖరాబైందని రాద్దాం" అన్నాడు ఓదేలు.

"కాలేదు గదా."

"అట్లయితే నువ్వు జెరసేపు కండ్లు మూసుకొని ప్రార్థన జెయ్యి. గీ లోపట నేను రాస్త."

నవ్వొచ్చింది. నవ్వాక తిరస్కరణ అని రాశాను.

"సొంత చెల్లె గదా పెద్దక్కా!"

"అందుకే."

వెచ్చగదికి వెళ్లి నేనే చెప్పాను. యునీకే తొడుగులు తీసి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని ఉంది.

"లేని మీటింగు ఒక్కటి జెప్పు అక్కా. జొరమొచ్చినప్పుడు గూడ పోయిన."

"ఎరికే."

"మరి?"

"గోడల లేవు."

"గోడ జూస్తదా, నువ్వు జూస్తవా?"

"నేను జూసిన. నియమం గోడను అడగుమన్నది."

"నువ్వొక్కదానివన్న నాకు ఓటేస్తవనుకున్న. నువ్వు నన్ను ఓటు దాంక గూడ రానియ్యవైతివి." ముక్కు తుడుచుకుంది. "గా మామ సంతకం వెడ్తడు. సగం గంటల ఏం వెచ్చబడ్తం అక్కా? చేతి ఏళ్లు వంగేసరికే గంటయితది."

"అప్పీలున్నది. సర్వసభ్య సమావేశంల అడగొచ్చు."

"గా మీటింగుల గూడ చాయ్ నేనే పొయ్యాలె. మళ్ల నేను లేనట్టే."

లేచాను. తలుపు దగ్గర ఆగి, "ఈసారి నువ్వు కూసో" అన్నాను.

నమోదు 3
సమావేశానికి ముందు

యునీకే నాతో మాట్లాడడం లేదు. మా ఇంటి గోడతో మాట్లాడుతోంది.

"గోడా, మా అక్కకు ఉప్పు సరిపోయిందా అడుగు."

"సరిపోయిందని చెప్పు గోడా" అన్నాను.

"గోడ చెప్పినంక నమ్మాలె గదా" అని గిన్నెలు సర్దింది. మళ్లీ ఉత్త చేతులే.

గట్టయ్య సూటు పట్టుకొని వచ్చాడు, మోకాలి దగ్గర అతుకు వేయమని. ఆ సూటు కొత్తగా మెరుస్తోంది. మోకాలు వెతికాను, చిరుగు దొరకలేదు.

"ఎక్కడన్నా?"

"ఆడనే యేడనో ఉంటది తియ్యి" అని కూర్చున్నాడు. వచ్చింది అతుకు కోసం కాదు. "నువ్వు నీతి గల్ల మనిషివి చెల్లె. సొంత చెల్లెనే కాదన్నవు. ఊరంత అనుకుంటాండ్లు."

"నీ నియమమే గదనే."

"నా నియమమే." కాసేపు సంతోషంగా ఉన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గా పిల్ల నన్ను యాజమాన్యం మనిషి అనుకుంటాంది. గా వెచ్చగంట తెచ్చింది ఎవలు? నేను గాదా? పని బందువెట్టి లిఫ్టు ముంగట పన్నది నేను గాదా?"

నిజమే. అప్పుడు మేము లిఫ్టు ముందు వరుసగా పడుకున్నాం. గట్టయ్య ముందు వరుసలో గురక పెట్టి నిద్రపోయాడు. యాజమాన్యం ఆ గురకకే దిగివచ్చిందని ఓదేలు ఇప్పటికీ అంటాడు.

"అప్పుడు తొడుగులు సన్నగ ఉండె" అన్నాడు. "ఇప్పుడు మందంవి వచ్చినయి. సగం గంట సాలదా? మనోళ్లు తల మీద నీళ్లు వోసుకోక ఎన్నేండ్లాయె. నాకేమొస్తది చెప్పు దీంట్ల?"

ఆయనకు ఏమీ రాదు. అదే చిక్కు. స్వార్థపరుడైతే కోపపడడం తేలికయ్యేది.

ఆయన వెళ్లాక యునీకే తొడుగులు తీసి, లోపలికి గాలి ఊది చూశాను. ఒక్క చిల్లూ లేదు. చలికి చిల్లే కావాలని లేదు, ఎక్కువసేపు ఉంటే చాలు.

ఆ తొడుగులు ఒళ్లో పెట్టుకొనే ప్రార్థన చేశాను. ఏమని చేశానో రాయాలని నిబంధన లేదు.

నమోదు 4
సర్వసభ్య సమావేశం

రెండు షిఫ్టులవాళ్లకూ వీలుగా మధ్యాహ్నం పెట్టాం. హాలు నిండింది.

యునీకే తన గ్లాసు పట్టుకొని వచ్చింది. మూలన ఉన్న చాయ్ గిన్నె దగ్గరకు పోలేదు. ముందు బెంచీ మధ్యలో కూర్చుంది. పక్కనున్నవాళ్లు జరిగి చోటిచ్చారు గానీ, ఎందుకు ఇచ్చారో వాళ్లకే అర్థం కానట్టు చూశారు.

"ఏం యునీకే, ఇయ్యాల అల్లం ఏసినవా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఏమో. నేనింక తాగలే" అంది.

మొదటి విషయం గట్టయ్య ఏకగ్రీవం. రెండోది యునీకే అప్పీలు. గట్టయ్య తన విషయం తానే అరగంట మాట్లాడాడు. యునీకే లేచి ఒక్క మాట అంది: "నేను మొదటి సంది ఆఖరు దాంక ఈడనే ఉంట, ప్రతినెల. ఎవలన్న నేను లేనని అనుండ్లి." ఎవరూ అనలేదు. ఆమె కూర్చుంది.

ఇక చాయ్. కోరం లేకుండా ఏ తీర్మానమూ చెల్లదు. కోరం చెప్పేది గోడ. గోడకు చాయ్ కావాలి.

అందరూ గ్లాసులు పట్టుకొని మూల వైపు చూశారు. గిన్నె చల్లగా ఉంది. పొయ్యి వెలగలేదు. యునీకే పైకప్పు చూస్తోంది, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"చాయేది?"

"పోసెటోళ్లేరి?"

"నువ్వు లే."

"నాకు షిఫ్టున్నది, నువ్వే లే."

గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "పిల్లా, జర లే బిడ్డా. చాయ్ పోద్దువు గని. అందరు సూస్తాండ్లు."

"నేను మీటింగుల లేను గదా మామా" అంది యునీకే. "లేని మనిషిని ఎట్ల లేపుతవే?"

హాలంతా గొల్లున నవ్వింది. గట్టయ్య నా వైపు తిరిగాడు. "చెల్లె, గిదేంది? నువ్వే జెప్పినవా గిట్ల?"

"కూసోమన్న."

"ఎందుకు?"

"సభ్యులు కూసోవాలె గదనే."

ఆయన కండువా భుజం మీద వేసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. "చాయేమన్న రాకెట్టా? నేనే వోస్త" అని మూలకు నడిచాడు. ఐదుసార్లు అధ్యక్షుడైన మనిషి పొయ్యి వెలిగించడం చూడాలని వెనకవాళ్లు బెంచీలు ఎక్కారు.

అంచూరులో నీళ్లు తొందరగా మరుగుతాయి, తొందరగా కాగవు. గాలి పలచన. మూత ఒత్తిపట్టి ఉంచితేనే ఆకు దిగుతుంది. గట్టయ్య బుడగలు చూసి మూత తీసేశాడు.

"మూత ఒత్తి పట్టాలె మామా!" అన్నాడు ఓదేలు.

"నీ లిఫ్టు నువ్వు సూస్కో!"

తర్వాత గిన్నె చెవులు రెండూ పట్టుకొని ఎత్తాడు, ఉత్త చేతులతోనే. ఏడాదిగా చూస్తున్నది అదే కదా.

అరుపు విని నేను లేచాను. గిన్నె ఆయన చేతుల్లోంచి పైకి పోయింది. చాయ్ దానిలోంచి ఒక్క ముద్దగా బయటికి వచ్చి, ఆలోచిస్తున్నట్టు తిరిగి, కిందికి బయలుదేరింది. ఇక్కడ ఏదైనా మెల్లగా పడుతుంది. ముందు వరుసవాళ్లంతా తప్పుకున్నారు. ఓదేలు టోపీతో గిన్నెను పట్టాడు. సగం చాయ్ దక్కింది.

"అవ్వో! గింత కాలుతదా గిది!" గట్టయ్య వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. నవ్వులు. ఆయన వేళ్లు బయటికి తీసి యునీకే వైపు తిరిగాడు. "మరి నువ్వు ఉత్త చేతులతోని పడ్తవు గదనే పిల్లా? ఎట్ల పడ్తవే?"

యునీకే చేతులు తొడల కింద పెట్టుకుంది.

"నాకు కాలది మామా."

"కాలకపోవుడేంది?"

"ఏళ్లకు వేడి తెలుస్తలేదు. చూపుడేళ్లు, నడిమేళ్లు. యాడాదాయె." ఒక చెయ్యి బయటికి తీసి చూపింది. వేళ్ల కొనలు తెల్లగా, మైనంలా ఉన్నాయి. "పైకొచ్చినంక గంట కూసుంటే జెర కదులుతయి. గంతే."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వెనక బెంచీ మీద నిలబడ్డ ఒకాయన దిగి, తన చెయ్యి ఎత్తాడు. "నాకు చిటికెనేలు." ఇంకో మూల నుంచి ఒకామె చెయ్యి ఎత్తింది. మరో చెయ్యి లేచింది. అందరూ ఎవరికి వారు అలవాటే అనుకొని, ఇళ్లలో మసిగుడ్డలు మానేశారు.

తలస్నానం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గట్టయ్య భుజం మీది కండువా తీశాడు. దాన్ని ఎవరూ మసిగుడ్డగా చూడలేదు ఇంతవరకు. గిన్నె చెవులకు చుట్టి పట్టుకొని, వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ పోశాడు. ఇక్కడ పోయడం కూడా నేర్పే, తొందరపడితే ధార గ్లాసు దాటిపోతుంది. చాలామంది చొక్కాలు తడిశాయి.

యునీకే గ్లాసులో పోశాడు. ఆమె తాగింది. గోడ మీద, అందరి కింద, యునీకే అన్న పేరు వెలిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

"ఎట్లుంది?" అన్నాడు గట్టయ్య.

"నీళ్లు మరిగినయి మామా. చాయ్ కాలే."

హాలు మళ్లీ నవ్వింది. ఈసారి గట్టయ్య కూడా.

గిన్నె ఖాళీ అయింది. నేను గోడ చూసి చదివాను. "కోరం ఉన్నది. అధ్యక్షుడు గైర్హాజరు."

"ఎవలు?" అన్నాడు గట్టయ్య.

"నువ్వే అన్నా. నీ పేరు వెలగలే."

ఆయన గోడ చూశాడు, చేతిలోని ఖాళీ గిన్నె చూశాడు. "గదేంది! మొదటి సంది ఆఖరు దాంక నేను ఈడనే ఉంటి గదా!"

ఎవరూ నవ్వలేదు. ఆయన మాటే ఆయనకు వినిపించేదాకా ఆగారు. వినిపించింది. ముందు నవ్వింది ఓదేలు. "గోడకు గట్ల తెల్వది మామా!"

గట్టయ్య గిన్నె నేల మీద పెట్టాడు. కాలిన వేళ్లు ఊదుకున్నాడు. "చెల్లె, రాయి. చాయ్ వోసినోళ్లు మీటింగుల ఉన్నట్టే లెక్క. నా పేరు రాయి ముందుగాల."

"ఒకలకు రాస్తే ఇద్దరికి రాయాలె. ఎన్కటి మీటింగులకు గూడ."

ఆయనకు అది తెలుసు. తెలియకపోవడానికి ఆయనేమీ కొత్త మనిషి కాదు. యునీకే చేతుల వైపు ఒకసారి చూశాడు.

"మరి రాయక? నేనేమన్న భయపడ్తనా? రాయి."

చేతులు లేచాయి. తీర్మానం గెలిచింది. నామినేషన్ అర్హమని రాశాను. చేతిరాత కొంచెం వంకర వచ్చింది.

నమోదు 5
పోలింగ్

యునీకే గెలిచింది. పెద్ద తేడాతో కాదు. తలస్నానం మీద కొందరికి ఇంకా ఆశ ఉంది.

ఆమెను పైకి విసరబోయారు. "పట్టుకొని ఎత్తుండ్లి, ఇడవకుండ్లి!" అని మొత్తుకుంది. గట్టయ్య కింద నిలబడి పైకప్పుకు ఎంత దూరమో చెబుతూ వచ్చాడు.

"నా చాయే నన్ను ఓడగొట్టింది" అన్నాడు నాతో.

"చక్కెర తక్కువైందే అన్నా."

"గదొక్కటి నిజం."

యునీకే ఇంటికి వచ్చి, గోడ వైపు కాకుండా నా వైపు తిరిగి అడిగింది. "అక్కా, నువ్వు నాకే ఓటేసినవ్ గదా?"

"ఎన్నికల అధికారికి ఓటు లేదు."

"ప్రార్థనన్న జేసినవా?"

"జేసిన."

"నాకోసమే గదా?"

"ఇద్దరి కోసం."

"నీ అసువంటి అక్క పగోళ్లకు గూడ వద్దు" అని నా భుజం మీద తల పెట్టింది. ఇక్కడ తల కూడా తేలికే. అయినా బరువు తెలిసింది.

నమోదు 6
చివరిది

ఎన్నిక అయిపోయాక రాయనక్కరలేదు. ఒకటి మిగిలింది కాబట్టి రాస్తున్నాను.

వెచ్చగంట గంటగానే ఉంది. యునీకే యాజమాన్యం బల్ల మీద తన చేతులు పెట్టి, వేడి గ్లాసు పట్టుకొని, కదలకుండా కూర్చుందట. వాళ్లే తల తిప్పుకున్నారట. వేళ్లు మొద్దుబారినవాళ్లకు కొన్నాళ్లు బాయి బదులు నా సూట్ల గదిలో పని ఇచ్చారు. యునీకే కూడా నా పక్కనే కూర్చొని అతుకులు వేస్తోంది. అన్నీ వంకరే. మందులాయన వేళ్లు చూసి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

చాయ్ ఇప్పుడు వంతులవారీగా. ఈ రోజు వెచ్చగదిలో గట్టయ్య వంతు. ఆయన బాయిలోకి మళ్లీ దిగుతున్నాడు, సూటు మోకాలు నిజంగానే చిరిగింది. మూత ఒత్తిపట్టడం నేర్చుకున్నాడు. గిన్నె చెవికి పాత కండువా ముక్క శాశ్వతంగా కట్టేశాడు.

"అల్లం ఏసిన. నోరు మూస్కొని తాగుండ్లి" అని అందరికీ చెప్పాడు.

యునీకే ఓపిక పట్టలేక లేచి, కండువా ముక్క లేని చెవి పట్టుకొని గిన్నె ఎత్తింది. అలవాటే.

"అబ్బా!"

గిన్నె పైకి పోయింది. ఆమె దాని వైపు చూడలేదు. కుడి చూపుడువేలు ముఖం ముందు పెట్టుకొని, దాన్నే చూస్తోంది.

"అక్కా," అంది. "కాలిందే! గీ ఏలు కాలిందే!"

"మంచిగ కాలిందా బిడ్డా?" అన్నాడు గట్టయ్య.

"మస్తు కాలింది మామా!"

ఒక్క వేలే. మిగతావాటికి ఇంకా వేడి తెలియదు. పైన చాయ్ గిన్నెలోంచి బయటికి వచ్చి, ఎటు పోవాలో ఆలోచిస్తోంది. సమయం ఉందనుకొని నేను కళ్లు మూసుకున్నాను. స్తోత్రం అని మొదలుపెట్టాను గానీ, పూర్తయ్యేలోపు అదంతా నా ఒళ్లోనే పడింది.

వెచ్చగా ఉంది.